కళ్ల బ్రేకు

డిస్పెన్సరీ మేడమీది గది
ఆదివారం

తమ్ముడూ,

మనుషుల కళ్లు పొడిచే చదువు చెబుతున్నావు నువ్వు. దానికి పట్టా అని పేరుపెట్టి, గౌను తొడిగి, ఫొటో తీసి గోడకు తగిలిస్తున్నావు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటావా? ఫోన్లో నా గొంతు లేవగానే నీకు సిగ్నల్ పోతుంది. కాగితానికి ఆ సౌకర్యం లేదు. చింపెయ్యాలన్నా ముందు ఎంతో కొంత చదవాలి.

నీ కూతురు ఆఖరి ఏడాది ప్రాజెక్టు పేరుతో నా దగ్గరకు వచ్చినప్పటినుంచీ దాని బల్లమీద మీ కోర్సు పుస్తకం ఒకటి పడుంటోంది. నిన్న తిరగేశాను. "పారిశ్రామిక ఇంజనీరింగ్, నిర్వహణ: లక్ష్యాలు, అభ్యసన ఫలితాలు." కింద నీ సంతకం. మొదటి లక్ష్యం ఏమిటయ్యా అంటే, "మనుషులు, సామగ్రి, యంత్రాలు, సమాచారం, శక్తి కలగలిసిన వ్యవస్థలను రూపొందించి, మెరుగుపరచి, నిలబెట్టగల పట్టభద్రులను తయారుచేయడం." బాగుంది. మనుషుల్ని సామగ్రికంటే ముందు రాశావు, మర్యాద తెలిసినవాడివి. ఇక ఆ మెరుగుపరచడం ఎలా ఉందో విను.

మా వీధి చివరి మందుల ఫ్యాక్టరీలో ఇంజెక్షన్ సీసాలు చూసే గది ఒకటుంది. కిటికీలు ఉండవు. వరసగా దీపాలు, దీపం వెనక సగం నల్ల పలక, సగం తెల్ల పలక. ఒక్కో దీపం ముందు ఒక్కో ఆడమనిషి. సీసా ఎత్తాలి, తిప్పాలి, నలుపుమీద చూడాలి, తెలుపుమీద చూడాలి. లోపల నలుసు గానీ, గాజుకు వెంట్రుకంత పగులు గానీ ఉంటే పక్కన పెట్టాలి. షిఫ్టంతా ఇదే. మధ్యమధ్య లేచి, దీపానికి వీపు పెట్టి, కళ్లు మూసుకుని కాసేపు కూర్చుంటారు. దాన్ని వాళ్లు కళ్ల బ్రేకు అంటారు. ఆ బ్రేకు ఉండబట్టే వాళ్లు నా దగ్గరకు ఎర్ర కళ్లతో వచ్చినా, గుడ్డివాళ్లై రావట్లేదు. కళ్లు పరీక్ష చేసేదాన్ని, నాకు తెలుసు.

నీ కూతురు ఆ గదిలో స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడి, కొలిచి, రిపోర్టు రాసింది. కళ్ల బ్రేకును ఎవరూ వాడుకోవడం లేదు కాబట్టి ఆ సమయం తీసేసి సీసాల లెక్క పెంచవచ్చు అని అందులో తేల్చింది. మీవాళ్లు శభాష్ అన్నారు. ఒకటో తారీఖు నుంచి బ్రేకు ఎత్తేస్తున్నట్టు గది బయట నోటీసు అంటించారు.

మరి బ్రేకు వాడుకోవట్లేదన్నది శుద్ధ అబద్ధం. అది అబద్ధమని ఇప్పుడు మీ అమ్మాయికి కూడా తెలుసు. తెలిసినప్పటినుంచీ దానికి ముద్ద దిగట్లేదు. నీ ఫోన్ మోగితే దిండు కింద పెట్టేస్తోంది.

రిపోర్టు వెనక్కి తీసుకోండి. ఒకటో తారీఖు లోపే. మిగతా తిట్లు తర్వాత.

అక్క


విభాగాధిపతి గది
మంగళవారం

అక్కా,

ఉత్తరం అందింది. చింపలేదు. అటెండరు ఎదురుగా ఉన్నాడు, లేకపోతే ఏం చేసేవాడినో.

మిరియం ఎలా ఉంది? (ఇంట్లో పిలిచే పేరు అక్కడ అందరిముందూ వాడకు, కోపం దానికి.) తింటోందా? నా ఫోన్ ఎత్తట్లేదు. వాళ్లమ్మ చేస్తే "బాగున్నా, పనిలో ఉన్నా" అని పెట్టేస్తోందట. పనేముంది ఇంకా, రిపోర్టు ఇచ్చేసింది కదా? వైవాకు తయారవుతోందా? ఇవి ముందు చెప్పు.

ఇక నీ ఆరోపణ. నువ్వు వెక్కిరించిన ఆ వాక్యం రాయడానికి మేం ఎన్ని మీటింగులు కూర్చున్నామో నీకు తెలియదు. విద్యార్థి "అర్థం చేసుకుంటాడు" అని రాస్తే ఒప్పుకోరు, అర్థమైందో లేదో కొలవలేం కాబట్టి. "విశ్లేషిస్తాడు", "రూపొందిస్తాడు", "నిరూపిస్తాడు" అని రాయాలి. లెక్కలు, గణాంకాలు, ఉత్పత్తి ప్రణాళిక, నాణ్యత, ఖర్చు, జట్టుగా పనిచేయడం, నలుగురికీ అర్థమయ్యేలా రాయడం, వృత్తి ధర్మం: ఒక్కో ఫలితానికీ రుజువుగా ఎవరో ఒక విద్యార్థి చేసిన పని ఫైల్లో పెట్టాలి. వచ్చే నెల గుర్తింపు కోసం తనిఖీ బృందం వస్తోంది. వాళ్లు ఆ ఫైలు చూస్తారు. ఆ ఫైలు నిలబడితేనే ఈ కోర్సు నిలబడుతుంది, ఈ కోర్సు మీద బతికే పిల్లలూ నిలబడతారు.

"వాస్తవ పరిమితుల మధ్య వ్యవస్థను మెరుగుపరచడం" అనే ఫలితానికి రుజువుగా ఎంపికైంది మిరియం రిపోర్టే. ఎంపిక నేను చెయ్యలేదు. హెచ్ఓడీ కూతురని చెవులు కొరుక్కుంటారని నేను ఆ మీటింగు నుంచి లేచి బయటకొచ్చేశాను. దాని గైడు ఎంపిక చేశాడు. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకుంటే ప్రాజెక్టు లేనట్టే. ప్రాజెక్టు లేకపోతే పట్టా లేదు. ఏడాది మళ్లీ చెయ్యాలి. ఉద్యోగం ఇస్తామన్న కంపెనీ ఏడాదిపాటు ఎదురుచూడదు.

పైగా అబద్ధం అంటున్నావు, ఎవరాడారు? అది వెళ్లింది, చూసింది, బ్రేకు ఎవరూ తీసుకోలేదు, రాసింది. చూసింది రాయడమే మేం నేర్పేది. చూడనిది రాస్తే అప్పుడు తిట్టు.

కందకు లేని దురద నీకెందుకు అననులే. అంటే ఇంకో ఉత్తరం వస్తుంది.

తమ్ముడు


డిస్పెన్సరీ మేడమీది గది
శుక్రవారం

తమ్ముడూ,

ఇంకో ఉత్తరం వచ్చింది చూశావా.

ఎవరాడారు అన్నావు కదా అబద్ధం, చెబుతాను. అసలు మీ అమ్మాయి తయారవుతున్నది వైవాకి కాదు, అది మాత్రం ఇప్పుడే చెప్పలేను. మాటిచ్చాను.

నీకు మొదటి ఉత్తరం రాయడానికి ముందు గురువారం, నోటీసు ఇంకా పడలేదు, షిఫ్టు మారే వేళకి నేను గేటు దగ్గరే ఉన్నాను. చుక్కల మందు ఇవ్వడానికి వెళ్లాను. సీసాల గది వాళ్లు బయటకొస్తున్నారు. అందులో ఒకామెను అందరూ మాటకారి అంటారు, ఆమె నోరు ఊరకుండదు. మీ అమ్మాయిని చూడగానే అందుకుంది.

"వాచీ అమ్మాయ్! క్లాసులో ఫస్టొచ్చావంటగా, పార్టీ ఏది?"

"ఇంకా వైవా అవలేదక్కా."

"రాకుండా పోతుందా? రాకపోతే మా కళ్ల ఉసురు తగులుతుంది మీ మేష్టర్లకి. నీకోసం బ్రేకు మానేసి చచ్చాం కదే."

ఇది నవ్వుతోంది ఇంకా. "బ్రేకు మానెయ్యడమేంటి?"

"ఏంటేంటి? నువ్వు వాచీ పట్టుకుని ఎదురుగా నిలబడితే మేం లేచి గోడవైపు తిరిగి కూచుంటే, నీ లెక్క పాడైపోదూ? అందరం అనుకున్నాం. పిల్ల కొలిచినన్నాళ్లూ ఎవరూ లేవొద్దు, పాపం మార్కులు పోతాయని."

ఆ గదిలో అందరికంటే పాతామె, పెద్దక్క అంటారు, ఆవిడ వెనకనుంచి మాటకారి భుజం మీద ఒక్కటి వేసింది. "నోరు ముయ్యవే."

"ఎందుకు ముయ్యాలి? మంచే కదా చేసింది!"

"నేను అడిగాను కదా," అంది మీ అమ్మాయి. నవ్వు పోయింది. "బ్రేకు తీసుకోరా అని నేను మిమ్మల్నే అడిగాను పెద్దక్కా. అక్కర్లేదమ్మా, అలవాటే అన్నారు."

"అన్నాను. నీ మొహం అట్లా ఉంది మరి, ఉద్యోగం ఊడబోతున్నదానిలా. ఏం చెబితే నీకు బాగుంటుందో అదే చెప్పాను."

ఇదీ జరిగింది. ఆ ఆడవాళ్లకు ఆ అంకె నోటీసై గోడకెక్కుతుందని తెలియదు. పిల్ల పరీక్ష రాస్తోంది, మన కాగితం చూపించకపోతే ఎలా అనుకున్నారు, అంతే. నీ కూతురు నాతోపాటు ఇంటికి వచ్చింది. మెట్లమీద కూర్చుని చెప్పులు విప్పుతూ అంది, "అత్తా, వాళ్లు నామీద జాలిపడ్డారు. దాన్ని నేను స్టాండర్డ్ టైమ్ అని రాశాను."

ఇప్పుడు నువ్వు చెప్పు. చూసింది రాయడమే నేర్పుతామన్నావు. మనిషి ఎదురుగా వాచీ పట్టుకుని నిలబడితే ఆ మనిషి మామూలుగా పనిచెయ్యదన్నది నేర్పలేదా? ఒకళ్లు భయంతో వేగం పెంచుతారు, ఒకళ్లు మంటతో తగ్గిస్తారు, వీళ్లలాంటివాళ్లు అభిమానంతో బ్రేకు మానేస్తారు. అది ఏ పాఠంలో ఉంది? అడిగితే మీ అమ్మాయి చెప్పింది. మనిషి శరీరానికి పని ఎంత సరిపడుతుందో, అలసటకు ఎంత సమయం వదలాలో చెప్పే ఎర్గోనామిక్స్ అనే పాఠం ఒకటి ఉండేదట. అందరికీ తప్పనిసరిగా ఉండేదట. దాన్ని ఇప్పుడు ఇష్టమైతే తీసుకోమని ఒక మూలకు నెట్టారట, కంప్యూటర్ లెక్కల పాఠానికి చోటు కావాలని. నెట్టినవాళ్లు ఎవరు, గాలి నెట్టిందా? పుస్తకం మొదటి పేజీలో మనుషులు ముందు, సిలబస్‌లో మనుషులు ఐచ్ఛికం! ఇంత ఘనకార్యం చేసి, మళ్లీ "కందకు లేని దురద" అని సామెతలు!

కంద నేనే, తమ్ముడూ. ఒకటో తారీఖు తర్వాత ఆ కళ్లన్నీ వచ్చి కూర్చునేది నా కుర్చీలో.

అక్క


ఇంటినుంచి
సోమవారం

అక్కా,

ఇది ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఆఫీసులో రాయలేను.

నీకు ఒకటి చెప్పలేదు. రిపోర్టు ఫ్యాక్టరీకి ఎలా వెళ్లిందని నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. వైవా కాకుండా విద్యార్థి రిపోర్టు బయటకు పోకూడదు. నేనే పంపాను. ఆ ఫ్యాక్టరీ మేనేజరు మా సలహా సంఘంలో ఉన్నాడు. "మీ విద్యార్థుల పని మాకు ఉపయోగపడింది" అని ఆయన ఒక ముక్క రాసిస్తే ఫైలుకు బలం. ఆయన "పంపండి సార్, చూస్తాం" అన్నాడు. పైన నా సంతకంతో పంపాను. మొదటి పేజీ, చివరి పేజీ చదివాను. మధ్యలో చూడలేదు. కూతురి పని కదా, బాగానే ఉంటుందనుకున్నాను. గర్వంగా కూడా ఉండింది, అబద్ధమెందుకు.

మధ్యాహ్నం ఆయనకు ఫోన్ చేశాను, కాస్త ఆగమని చెప్పడానికి. "అదేంటి సార్, సంతకం మీదే కదా! మా పైవాళ్లకు చూపించి ఒప్పించాను. ఇప్పుడు కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

నా మాట విను. మిరియాన్ని వైవాకి వెళ్లమను. అడిగిందానికి సమాధానం చెప్పమను, అడగంది చెప్పొద్దను. పట్టా చేతికి రానివ్వు. తర్వాత నేనే ఏదో ఒక దారి చూసి, లోపం దొరికిందని, మళ్లీ కొలవాలని నెమ్మదిగా ఫ్యాక్టరీకి చెబుతాను. దిద్దుకోవచ్చు. ఇప్పుడు గొడవ చేస్తే దాని ఏడాదీ పోతుంది, నా కుర్చీ పోతుంది, ఆ నోటీసు ఎలాగూ పోదు.

ఎర్గోనామిక్స్ సంగతి నిజమే. ఓటింగులో నేను చెయ్యెత్తాను. చెయ్యెత్తినవాళ్లలో నేను ఒక్కడినే కాదులే.

అది దేనికి తయారవుతోంది? మాటిచ్చానంటే ఏమిటర్థం? నాకు నిద్ర పట్టట్లేదక్కా.

తమ్ముడు


డిస్పెన్సరీ, నా కుర్చీలోంచే
బుధవారం

తమ్ముడూ,

"తర్వాత దిద్దుకోవచ్చు." ఈ ముక్క మీ కోర్సు పుస్తకం అట్టమీద అచ్చు వేయించు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మనవాళ్లు ఊరికే అనలేదు. తర్వాత అంటే ఎప్పుడు? మాటకారికి నలుసుకూ నీడకూ తేడా తెలియకుండా పోయాకా?

ఇక మాట తప్పుతున్నాను. మీ అమ్మాయి నన్ను తిట్టినా సరే. నీ ఉత్తరం చదివాక దాచడం నా వల్ల కాదు.

నోటీసు పడిన మర్నాటినుంచీ అది ఆ గదిలో దీపం ముందు కూర్చుంటోంది. ఆ దీపాల లైను చూసుకునే సారుని అడిగిందట, "నేను రాసిన లెక్కని నేనే చేసి చూస్తాను" అని. ఆయనకేం పోయింది, మేనేజరుగారికి తెలిసిన కాలేజీ పిల్ల, కూర్చోనిచ్చాడు. మొదటి రోజు నవ్వుకుంటూ వచ్చింది, బాగానే ఉంది అత్తా అని. తర్వాత నవ్వు తగ్గింది. తర్వాత గదిలో లైటు వెయ్యొద్దంది. పెద్దక్క వచ్చి రెక్క పట్టుకుని "లే, మాతోపాటు గోడవైపు తిరిగి కూచో, ఒకటో తారీఖు దాకా బ్రేకు ఉందిగా" అంటే, "నా రిపోర్టులో లేదు" అందట. మొండిఘటం. ఎవరి పోలికో నాకు తెలియదంటే ఎవరూ నమ్మరు.

నిన్న సాయంత్రం డిస్పెన్సరీలో అందరూ వెళ్లిపోయాక తనే వచ్చి నా కుర్చీలో కూర్చుంది. అక్షరాల బోర్డు చూపించాను. కింది వరసలు చెప్పలేకపోయింది. పై వరసలో ఒక అక్షరాన్ని ఇంకో అక్షరంగా చదివి, తప్పని తనకే తెలిసి, మళ్లీ చదివి, మళ్లీ తప్పింది. చిన్నప్పుడు అదే బోర్డుని అటు చివర గుమ్మంలో నిలబడి గడగడా చదివేది.

గుండె పట్టుకోకు. కళ్లు పోలేదు, పోవు. అలసట, మంట, నీరు. దీపానికి దూరంగా ఉంటే నెమ్మదిస్తుంది. చుక్కలు వేశాను. భయపెట్టడానికి ఎక్కువ చేసి రాయడం నాకు చేతకాదు, ఉన్నదే చాలు. పట్టుమని పది రోజులు కూర్చున్న, వయసులో ఉన్న పిల్లకి ఇలా అయితే, ఏళ్లుగా కూర్చున్నవాళ్లకి ఏమవుతుందో లెక్క కట్టు. లెక్కలు నీ శాఖే కదా.

మందు వేసేటప్పుడు ఏడ్చింది. మంటకేమో అనుకున్నాను. కాదు. నలుసున్న సీసా ఒకటి దాని చేతిలోంచి దాటి వెళ్లిపోయిందట. చూసింది, నలుపుమీద తిప్పింది, తెలుపుమీద తిప్పింది, బాగుందని పంపేసింది. పక్క దీపం దగ్గర పెద్దక్క పట్టుకుంది. "పట్టుకోకపోతే అది ఎవరి ఒంట్లోకి వెళ్లేది అత్తా?" అని అడిగింది. జవాబు నీదగ్గర ఉంటే రాసి పంపు.

రిపోర్టు వెనక్కి తీసుకుంటానని తన గైడుకి రాసిందట, నీకు తెలుసా? "మీ నాన్నగారిని అడిగి చెబుతాను" అని జవాబిచ్చాడట. ఇరవయ్యేళ్లు దాటిన పిల్ల తన తప్పు తనే ఒప్పుకుంటానంటే, నాన్నగారి అనుమతి కావాలట! మీ ఫలితాల్లో "బాధ్యత తీసుకోవడం" అని ఒకటుంది కదా, అది ఇదే. చేసి చూపిస్తోంది. మీరే వద్దంటున్నారు.

అక్క


విభాగాధిపతి గది
శనివారం

అక్కా,

బోర్డు సంగతి చదివి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియలేదు. మళ్లీ కూర్చున్నాను. ఆ బోర్డు చదివి చూపిస్తే నువ్వు దానికి పెప్పర్‌మెంట్లు ఇచ్చేదానివి. ఎక్కువ కావాలని చూడకుండా బట్టీపట్టేది కూడా.

దాన్ని దీపం ముందు కూర్చోనివ్వకు. నేను చెప్పానని చెప్పకు, వినదు. నువ్వు చెప్పు.

నిన్న సిలబస్ కమిటీలో ఈ సంగతి ఎత్తాను. పేరు చెప్పకుండా "ఒక విద్యార్థి" అన్నాను. అందరూ నావైపు చూసి బల్లవైపు చూశారు. గైడు అన్నాడు, "సార్, కొలతలో చిన్న పొరపాటు. ఏ రిపోర్టులో ఉండదు?" నేనన్నాను, "చిన్నది కాదండీ. పునాదే తప్పు." కంప్యూటర్ లెక్కల మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ, "ఫైల్లో అదొక్కటే సార్ పనికొచ్చే రుజువు. తీసేస్తే ఆ ఫలితం ఎదురుగా గడి ఖాళీ. ఖాళీ గడి చూపించి ఏం చెబుదాం, మా పిల్లలకు ఇది రాదనా?" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. నేను కూడా నవ్వినట్టున్నాను.

అప్పుడు నాకు నీ మాట గుర్తొచ్చి, వృత్తి ధర్మం, బాధ్యత అనే గడికి రుజువుగా ఏం పెట్టామో చూద్దామని ఫైలు తెప్పించాను. పోస్టర్ల పోటీ ఫొటో ఉంది. "నిజాయితీయే నా సంపద" అని రంగుల్లో రాసి పట్టుకుని ఇద్దరు పిల్లలు నవ్వుతున్నారు. ఇంతే. ఆ ఫలితం మాటలు నేనే రాశాను, అక్కా. "తన వృత్తి నిర్ణయాలు ఇతరుల ఆరోగ్యం, భద్రతల మీద చూపే ప్రభావాన్ని గుర్తించి, తదనుగుణంగా వ్యవహరిస్తాడు." నా చేత్తో రాశాను. "తదనుగుణంగా" దగ్గర చాలాసేపు ఆలోచించాను కూడా. దాని కింద పోస్టరు పెట్టాం.

"మనం ఈ వాక్యం తీసేద్దామా, లేక ఆ రిపోర్టు తీసేద్దామా?" అన్నాను. గైడు వాచీ చూసుకున్నాడు. మీటింగు అయిపోయింది.

భయంగా ఉంది. నా కుర్చీ గురించి అని నువ్వంటావు. ఉంది, ఆ భయమూ ఉంది. ఈ కోర్సు గుర్తింపు పోతే మిగతా మూడు బ్యాచ్‌ల పిల్లలు రోడ్డున పడతారు, ఆ భయం కూడా ఉంది. కానీ ఎక్కువ భయం ఏమిటంటే, నేను రాసిన ఫలితాలన్నిట్లో నిజంగా ఒకటి సాధించిన విద్యార్థి ఒక్కతే కనిపిస్తోంది. దాన్నే ఫెయిల్ చెయ్యబోతున్నాను. అది నా ఫోన్ ఎత్తదు.

వైవా వచ్చే వారం. ఒకటో తారీఖు ఆ తర్వాత. తనిఖీ ఆ తర్వాత. నాకు సమయం లేదు, నువ్వు తిట్టుకోవడానికి కూడా లేదు. అడుగుతున్నాను, చెప్పు. మీకందరికీ ఏం కావాలి? తిట్లూ సామెతలూ తీసేసి రాయి. వాక్యానికి ఒక పని. కొలవగలిగేలా, నేను సంతకం పెట్టగలిగేలా. పెడతానని ఇంకా మాట ఇవ్వలేను. పెట్టగలిగేలా రాయి.

తమ్ముడు


డిస్పెన్సరీ మేడమీది గది
ఆదివారం

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ అమ్మాయికి చదివి వినిపించాను. "తదనుగుణంగా" దగ్గర ఆపమంది. ఆ వాక్యం ఇంకోసారి చదివించుకుంది. దీపం ముందుకు వెళ్లడం మానింది, పెద్దక్క తలుపు దగ్గర నిలబడి లోపలికి రానివ్వకపోబట్టి. ఈ ఉదయం పై వరసలు తప్పులేకుండా చదివింది.

పెద్దక్క, మాటకారి, ఇంకా గదిలో మిగతావాళ్లు నా గదిలో చోటు చాలక మెట్లమీద కూర్చున్నారు. అందరూ కలిసి చెబితే మీ అమ్మాయి రాసింది. నేను దిద్దలేదు. తిట్లు నేనే తీసేశాను. మాటకారి రెండు చేర్చమంది, అవీ తీసేశాను.

మా డిమాండ్లు:

ఒకటి. "ఆ రిపోర్టు తప్పు. పూర్తిగా చదవకుండా సంతకం పెట్టి పంపాను. దాని ఆధారంగా ఏదీ మార్చవద్దు" అని ఫ్యాక్టరీ మేనేజరుకూ, ఆయన పైవాళ్లకూ ఒకటో తారీఖు లోపు నీ పేరుతో రాయి.

రెండు. ఆ ఉత్తరం కాపీ నోటీసు పక్కనే అంటించమని అడుగు.

మూడు. కళ్ల బ్రేకు ఉన్నది ఉన్నట్టు ఉండాలి. కొలిచే రోజుల్లో కూడా.

నాలుగు. వైవాలో ఆ రిపోర్టుకు మార్కులు వెయ్యొద్దు. ఏడాది పోతే పోనివ్వు. ఉద్యోగం ఇస్తామన్న కంపెనీకి మీ అమ్మాయే ఆ సంగతి రాసింది.

ఐదు. అదే సీసాల గదిలో మళ్లీ కొలిచి, మళ్లీ రాసే అవకాశం మీ అమ్మాయికి ఇవ్వాలి. గైడును మార్చాలి. నిన్ను పెట్టకూడదు.

ఆరు. ఏ విద్యార్థి ఎక్కడ కొలిచినా, ఎందుకు కొలుస్తున్నారో, ఆ అంకె ఎవరి చేతికి వెళుతుందో పనిచేసేవాళ్లకు ముందే చెప్పాలి. రిపోర్టు వాళ్లకు చదివి వినిపించాకే బయటకు పోవాలి.

ఏడు. ఎర్గోనామిక్స్ అందరికీ తప్పనిసరి చెయ్యాలి. ఈసారి ఓటింగులో నువ్వు ముందు చెయ్యెత్తాలి.

ఎనిమిది. ఫైల్లో పోస్టరు తీసెయ్యి. ఆ గడిలో తప్పు రిపోర్టునూ, దాన్ని వెనక్కి తీసుకుంటూ మీ అమ్మాయి రాసిన ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టు.

తొమ్మిది. తనిఖీ బృందం ఆ గడి గురించి అడిగితే జవాబు మీ అమ్మాయినే చెప్పనివ్వు. మధ్యలో మాట్లాడకు.

పది. ఆ రోజు తనిఖీ జరిగే గదిలో కుర్చీలు ఎక్కువ వేయించు. షిఫ్టు మార్చుకుని లైను మొత్తం వస్తోంది.